ఆయుధములు దించిన వారికి వందనము – జనరల్ జాషువా చాంబర్లేన్ జీవితము

మన డయోసిస్ శతవార్షికోత్సవ సందర్భముగా వెలువడుతున్న ఈ సంచికలో, మన సంఘములను నాటిన దైవజనులను గూర్చి, వారి వెంట కాలినడకన తిరిగిన ఉపదేశకులను, బైబిలు స్త్రీలను గూర్చి అనేకులు వ్రాస్తున్నారు. మమ్మును కూడ ఒక వ్యాసము వ్రాయమని సంపాదకవర్గము వారు కోరినప్పుడు మేము ఒక సైనికుని జీవితమును ఎన్నుకొన్నాము. శతవార్షికోత్సవ సంచికలో సైనికుని కథ ఎందుకని కొందరు అడుగవచ్చును. ఈయన మావలెనే వేదాంత కళాశాలలో చదివి, సంఘ కాపరి కాదలచినవారు. తరువాత యుద్ధమునకు వెళ్లి గొప్ప సేనాని అయ్యారు. అయితే ఈయన తుపాకితో గెలిచిన గెలుపులకంటె, తుపాకి పేల్చకుండ గెలిచిన గెలుపులే పెద్దవని మా నమ్మకము. నూరేండ్లు నిండిన సంఘమునకు అట్టి గెలుపులు ఎంతో అవసరము.

ఈయన పేరు జాషువా లారెన్స్ చాంబర్లేన్. మదనపల్లెలో వైద్య మిషనరీగా పనిచేసిన డాక్టర్ జేకబ్ చాంబర్లేన్ గారు మనవారికి బాగుగా తెలుసు. ఆయన వేరు, ఈయన వేరు. ఇద్దరూ అమెరికావారే, ఇద్దరూ ఒకే కాలమువారు. జేకబ్ గారు మన దేశములో మందుల పెట్టెతో ఊరూర తిరుగుచున్న రోజులలోనే జాషువా గారు తన దేశములో కత్తి పట్టవలసి వచ్చినది.

ఆ యుద్ధము ఎందుకు వచ్చినది?

అమెరికా దేశములో 1861 నుండి 1865 వరకు ఉత్తర రాష్ట్రములకును దక్షిణ రాష్ట్రములకును అంతర్యుద్ధము జరిగినది. ఆ దేశములో అప్పుడు సుమారు 40 లక్షలమంది నల్లజాతివారు బానిసలుగా ఉండేవారు. వారిని సంతలో పశువులవలె కొనేవారు, అమ్మేవారు. తల్లినుండి బిడ్డను విడదీసి వేరొక ఊరికి అమ్మివేయుట చట్టరీత్యా నేరము కాదు. దక్షిణమువారి ప్రత్తి తోటలు బానిసల కష్టము మీదనే నడిచేవి. బానిసత్వము క్రొత్త ప్రాంతములకు వ్యాపింపరాదని చెప్పిన అబ్రహాము లింకన్ 1860లో అధ్యక్షునిగా ఎన్నికకాగానే, దక్షిణ రాష్ట్రములు ఒకటి తరువాత ఒకటి దేశమునుండి విడిపోయాయి. యుద్ధము మొదలైనది. నాలుగు సంవత్సరములలో 6 లక్షలకు పైగా సైనికులు చనిపోయారు. యుద్ధభూమిలో కూలినవారికంటె రోగములచేత చనిపోయినవారే ఎక్కువ.

ఆ యుద్ధములో ప్రసిద్ధికెక్కిన గెట్టిస్‌బర్గ్ ఊరు తెలుగు క్రైస్తవులకు బొత్తిగా తెలియనిది కాదు. గుంటూరు సీమలో సేవచేసిన లూథరన్ మిషనరీలలో కొందరు ఆ ఊరి వేదాంత కళాశాలలో చదివినవారే. 1863 జూలైలో ఆ కళాశాల చుట్టూ యుద్ధము జరిగినది, దాని భవనము గాయపడినవారికి ఆసుపత్రి అయినది.

బాల్యము, విద్య

చాంబర్లేన్ 1828 సెప్టెంబరు 8న మెయిన్ రాష్ట్రములోని బ్రూవర్ అను ఊరిలో జన్మించారు. అయిదుగురు పిల్లలలో ఆయనే పెద్దవారు. తండ్రి వ్యవసాయదారుడు, కుమారుడు సైనికుడు కావలెనని కోరుకొన్నాడు. తల్లి భక్తిపరురాలు, కుమారుడు బోధకుడు కావలెనని ప్రార్థించినది. బాలునికి నత్తి ఉండెను. కొన్ని అక్షరములు నోట పలికేవి కావు. ఎంతో పట్టుదలతో ఆయన ఆ లోపమును జయించారు. తరువాత ఆయన కళాశాలలో ఉపన్యాస కళను బోధించు ఆచార్యులయ్యారంటే అది ఎంత శ్రమ ఫలమో మనము ఊహించుకొనవచ్చును.

కళాశాల ప్రవేశమునకు గ్రీకు భాష రావలెను. ఆయన ఇంటిలో కూర్చుండి పట్టుదలగా ఆ భాష నేర్చుకొని, 1848లో బ్రన్స్విక్ పట్టణములోని బౌడిన్ కళాశాలలో చేరారు. ఆ కళాశాల ఆచార్యులలో ఒకరి భార్య హేరియెట్ బీచర్ స్టో. బానిసల దుఃఖమును లోకమునకు తెలిపిన అంకుల్ టామ్స్ క్యాబిన్ నవలను ఆమె ఆ ఊరిలోనే వ్రాస్తూ, వ్రాసిన భాగములను తన ఇంటికి వచ్చిన విద్యార్థులకు చదివి వినిపించేది. ఆ విద్యార్థులలో చాంబర్లేన్ ఒకరు.

1852లో పట్టభద్రులై, ఆయన బాంగోర్ వేదాంత కళాశాలలో చేరి 1855లో విద్య ముగించారు. మిషనరీగా విదేశములకు వెళ్లవలెనని కూడ తలంచారు. కొన్ని సంఘములవారు తమకు కాపరిగా రమ్మని పిలిచారు. అయితే ఆయన బౌడిన్ కళాశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. ఆ సంవత్సరమే డిసెంబరులో ఫ్యానీ ఆడమ్స్‌ను వివాహమాడారు. ఆమె ఆ ఊరి సంఘ కాపరి పెంచుకొన్న కుమార్తె. వారికి అయిదుగురు బిడ్డలు కలిగినా, బ్రతికి పెద్దవారైనవారు ఒక కుమార్తె, ఒక కుమారుడు మాత్రమే.

సెలవు తీసుకొని యుద్ధమునకు

1862 నాటికి చాంబర్లేన్ వయస్సు 33 సంవత్సరములు. గ్రీకు, హెబ్రీ, లాటిన్, ఫ్రెంచి, జర్మన్ మొదలైన భాషలు తెలిసిన పండితుడు. ఆయన యుద్ధమునకు పోవుట తోటి ఆచార్యులకు ఇష్టములేదు. భాషలు చదువుటకు ఐరోపాకు వెళ్లి రమ్మని కళాశాలవారు రెండు సంవత్సరములు సెలవు ఇచ్చారు. ఆయన ఆ సెలవును పుచ్చుకొని ఐరోపాకు పోలేదు. తిన్నగా గవర్నరు వద్దకు పోయి, తన్ను సైన్యములో చేర్చుకొనమన్నారు. గవర్నరు ఒక రెజిమెంటుకు ఆయనను కల్నల్‌గా చేయగోరారు. తనకు యుద్ధవిద్య తెలియదనియు, మొదట క్రింది స్థానములో ఉండి నేర్చుకొనెదననియు చెప్పి, ఆయన లెఫ్టినెంట్ కల్నల్ పదవిని మాత్రమే తీసుకొన్నారు. పెద్ద పదవి చేతికి అందినప్పుడు ఇంకను నేర్చుకొనవలసి ఉన్నదని చెప్పువారు సంఘములోనైనా ఎందరున్నారు?

ఆ రెజిమెంటు పేరు 20వ మెయిన్. సుమారు వేయిమంది రైతులు, జాలరులు, కట్టెకొట్టువారు అందులో చేరారు. అందరును వాలంటీర్లే. కల్నల్ ఎడెల్బర్ట్ ఏమ్స్ సైనిక కళాశాలలో చదివిన యువకుడు. వయస్సులో తనకంటె చిన్నవాడైన ఆయన వద్ద చాంబర్లేన్ రాత్రులు కూర్చుండి యుద్ధ పాఠములు నేర్చుకొన్నారు. డిసెంబరులో ఫ్రెడరిక్స్‌బర్గ్ వద్ద మొదటి ఘోరయుద్ధము చూశారు. ఆ రాత్రి గడ్డకట్టే చలిలో శవముల మధ్య పండుకొని, శవములనే అడ్డుగా పెట్టుకొని తెల్లవార్చారు.

తిరుగుబాటు చేసిన నూట ఇరువదిమంది

1863 మే నెలలో చాంబర్లేన్ రెజిమెంటుకు అధిపతి అయ్యారు. ఆ రోజులలోనే ఆయనకు ఒక పరీక్ష వచ్చినది. మెయిన్ రాష్ట్రమునకే చెందిన 2వ రెజిమెంటు వారి గడువు రెండు సంవత్సరములు నిండి, వారు ఇండ్లకు వెళ్లిపోయారు. అయితే వారిలో 120 మంది, తెలిసియో తెలియకయో, మూడు సంవత్సరముల పత్రముపై సంతకము చేసియున్నారు. తమను మోసగించారని వారు ఆయుధము పట్టుటకు నిరాకరించారు. పై అధికారులు వారిని ఖైదీలుగా చేసి, బాయొనెట్లు బిగించిన కావలివారి మధ్య నడిపించుకొని తెచ్చి చాంబర్లేన్‌కు అప్పగించారు. మాట వినని పక్షమున కాల్చివేయవచ్చునని ఆజ్ఞ కూడ వచ్చినది.

వచ్చినవారికి మూడు దినములుగా సరియైన ఆహారము లేదు. చాంబర్లేన్ మొదట కావలివారిని పంపివేశారు. తరువాత భోజనము పెట్టించారు. తరువాత వారి మొర విన్నారు. వారి పక్షమున గవర్నరుకు ఉత్తరము వ్రాసెదనని మాట ఇచ్చి, అంతవరకు సైనికులుగా పనిచేయుడని కోరారు. వారిని ఒకచోట గుంపుగా ఉంచక, తన సైనికుల మధ్య అక్కడక్కడ చేర్చారు. కొద్దిమంది తప్ప అందరును తుపాకి తీసుకొన్నారు.

ఈ సంగతి చదివినప్పుడు మాకు ఎలీషా ప్రవక్త జ్ఞాపకమునకు వచ్చాడు. సమరయ పట్టణములో చిక్కిన సిరియనులను చంపుదునా అని రాజు అడిగినప్పుడు, ప్రవక్త వారికి రొట్టెయు నీళ్లును పెట్టించి పంపివేశాడు. వేదాంత కళాశాలలో చదివిన చాంబర్లేన్‌కు ఆ కథ తెలియకుండ ఉండదు. చదివినదానిని సమయమునకు ఆచరించుటలోనే ఆయన గొప్పతనము కనబడుచున్నది.

గెట్టిస్‌బర్గ్ కొండ

1863 జూలై 2న గెట్టిస్‌బర్గ్ యుద్ధములో రెండవ దినము. ఉత్తరసేన వరుసకు ఎడమ చివరన లిటిల్ రౌండ్ టాప్ అను రాతి కొండ ఉన్నది. ఆ కొండ శత్రువుల చేతికి పోయిన యెడల సేన అంతయు అపాయములో పడును. ఆ చివరి మూలను కాపాడు పని 20వ మెయిన్ వారికి వచ్చినది. వేయిమందితో బయలుదేరిన రెజిమెంటులో ఆనాటికి మిగిలినది నాలుగు వందలలోపు మంది. వారిలో ఆ తిరుగుబాటుదారులు కూడ ఉన్నారు.

ఎదుట కల్నల్ విలియం ఓట్స్ నడిపిన అలబామా సైనికులు. వారు తెల్లవారకమునుపు బయలుదేరి, ఎండలో 20 మైళ్లకు పైగా నడిచి వచ్చినవారు. త్రాగుటకు నీళ్లు లేవు. అయినను మరల మరల కొండ ఎక్కి పోరాడారు. ఓట్స్ తమ్ముడు ఆ కొండమీదనే గాయపడి, తరువాత మరణించాడు. శత్రువులైనను వారి ధైర్యమును చాంబర్లేన్ ఎన్నడు తక్కువచేసి చెప్పలేదు.

ఒక సమయమున వరుస మధ్యభాగము పలుచనై, పొగలో జెండా పట్టిన సార్జెంటు ఆండ్రూ టోజియర్ ఒక్కడే నిలిచియుండుట కనబడినది. ఈ టోజియర్ ఎవరు? ఖైదీలుగా వచ్చిన ఆ 2వ రెజిమెంటువారిలోనివాడే! రెండు నెలలలోపే అతని చేతిలో జెండా ఉన్నది. తరువాత 1898లో ప్రభుత్వము అతనికి మెడల్ ఆఫ్ ఆనర్ అను అత్యున్నత పతకమునిచ్చినది.

మనిషికి ఇచ్చిన 60 తూటాలును అయిపోయాయి. నిలిచియుండలేరు, వెనుకకు పోరాదు. బాయొనెట్లు బిగించి కొండ దిగువకు దూకారు. అలసిన శత్రువులు చెదరిపోయి, వందలమంది పట్టుబడ్డారు. 20వ మెయిన్ వారిలో సుమారు 130 మంది చనిపోవుటయో గాయపడుటయో జరిగినది. ముందుకు దూకమన్న మాట మొదట ఎవరినుండి వచ్చినదో ఆ రెజిమెంటువారే తరువాత పలువిధములుగా చెప్పుకొన్నారు. గెలుపు ఒక్కని వలన కాలేదని మాత్రము నిశ్చయము. ఆ దినపు పనికి చాంబర్లేన్‌కు మెడల్ ఆఫ్ ఆనర్ 1893లో వచ్చినది.

మానని గాయము

1864 జూన్ 18న పీటర్స్‌బర్గ్ వద్ద ఒక తూటా ఆయన తుంటి ఎముకల గుండ దూసుకొనిపోయి మూత్రకోశమును చీల్చినది. కత్తిని నేలకు ఆనించి, తన మనుష్యులు ముందుకు సాగిపోవునంతవరకు నిలిచి, తరువాత పడిపోయారు. బ్రతుకరని వైద్యులు చెప్పగా, జనరల్ గ్రాంట్ ఆయనకు అక్కడికక్కడే బ్రిగేడియర్ జనరల్ పదవినిచ్చారు. ఆయన మరణవార్త పత్రికలలో కూడ పడినది. అయితే తమ్ముడు టామ్ తీసుకొని వచ్చిన వైద్యులు రాత్రంతా శ్రమించి ఆయనను బ్రతికించారు. అయిదు నెలలలో మరల సైన్యములోనికి వచ్చారు. యుద్ధములో ఆయనకు మొత్తము ఆరు గాయములు తగిలాయి. పీటర్స్‌బర్గ్ గాయము మాత్రము జన్మాంతము మానలేదు. నొప్పి, జ్వరము, మరల మరల శస్త్రచికిత్సలు – ఇవి యాబది సంవత్సరములు ఆయనను విడువలేదు.

ఓడినవారికి వందనము

1865 ఏప్రిల్ 9న అప్పొమాటక్స్ వద్ద దక్షిణ సేనాని జనరల్ లీ లోబడ్డారు. మూడు దినముల తరువాత, ఏప్రిల్ 12న, దక్షిణ సైనికులు వరుసగా వచ్చి ఆయుధములను, జెండాలను అప్పగించవలెను. సరిగా నాలుగు సంవత్సరముల క్రితము అదే తేదీన యుద్ధము మొదలైనది. ఆ దినమున బాటకు ఇరుప్రక్కల నిలిచిన ఉత్తర సైనికులను నడిపినది చాంబర్లేన్.

దక్షిణ సైనికులు చినిగిన బట్టలతో, ఆకలితో, తలలు వంచుకొని వచ్చారు. ముందు జనరల్ జాన్ గోర్డన్ గుర్రముపై ఉన్నారు. గెలిచినవారు కేకలు వేయుటయు, బాకాలు ఊదుటయు లోకరీతి. చాంబర్లేన్ అట్టిదేదియు చేయనియ్యలేదు. శత్రువు దగ్గరకు రాగానే తన సైనికులందరు తుపాకులెత్తి గౌరవ వందనము చేయునట్లు ఆజ్ఞాపించారు. ఆ చప్పుడు విని గోర్డన్ తలయెత్తి చూచి, గుర్రమును త్రిప్పి, కత్తిని దించి, తన సైనికులచేత అదే వందనమును చేయించారు. చాంబర్లేన్, గోర్డన్ ఇద్దరును ఈ సంగతిని తరువాత తమ గ్రంథములలో వ్రాశారు. ఇట్లు చేసినందుకు ఉత్తరమువారిలో కొందరు చాంబర్లేన్‌ను నిందించారు. ఆయన పశ్చాత్తాపపడలేదు.

తరువాతి జీవితము, కొన్ని లోపములు

యుద్ధానంతరము ఆయన మెయిన్ రాష్ట్రమునకు నాలుగుసార్లు వరుసగా గవర్నరుగా ఎన్నికై 1867 నుండి 1871 వరకు పరిపాలించారు. పిమ్మట 1871 నుండి 1883 వరకు బౌడిన్ కళాశాలకు అధ్యక్షులుగా ఉన్నారు.

దైవజనుల చరిత్రలు వ్రాయునప్పుడు మనము లోపములను దాచుచుందుము. అది మేలు కాదని మా తలంపు. గాయము, యుద్ధము, పదవి – వీటి వలన ఆయన ఇంటిలో శాంతి చెడినది. 1868లో భార్యాభర్తలు విడిపోవు స్థితి వరకు వచ్చారు. అయినను విడిపోలేదు. ఫ్యానీకి చివరకు చూపు పోయినది. 1905లో ఆమె మరణించువరకు వారు భార్యాభర్తలుగానే ఉన్నారు.

కళాశాలలో ఆయన విద్యార్థులకు సైనిక కవాతు తప్పనిసరి చేశారు. యూనిఫారము ఖర్చు కూడ విద్యార్థులదే. 1874లో వారు తిరుగబడి కవాతు చేయమన్నారు. చాంబర్లేన్ మూడు తరగతులవారిని ఇండ్లకు పంపివేసి, లోబడనివారిని తీసివేయుదుమని తల్లిదండ్రులకు ఉత్తరములు వ్రాశారు. ముగ్గురు తప్ప అందరును తిరిగి వచ్చారు. అయితే కవాతు నిలువలేదు. తరువాత ఇష్టమైనవారికి మాత్రమే అని మార్చి, కొన్ని సంవత్సరములకు మానివేశారు. సైన్యములో 120 మందికి మొదట భోజనము పెట్టి వారి మొర విన్న మనిషి, కళాశాలలో కుర్రవారి మొర వినకముందే ఆజ్ఞ పంపారు. సైన్యములో గెలిచారు, కళాశాలలో ఓడారు.

అయితే ఆ పాఠమును ఆయన మరువలేదనుటకు 1880 జనవరి సాక్ష్యము. రాష్ట్ర ఎన్నికల ఫలితముల మీద వివాదము పుట్టి, రెండు పక్షములవారు ఆయుధములతో రాజధాని ఆగస్టాలో కూడారు. ప్రభుత్వమే లేని స్థితి. శాంతిభద్రతల భారము రాష్ట్ర సేనాధిపతియైన చాంబర్లేన్‌పై పడినది. ఆయన సైన్యమును పిలిపించక, పట్టణపు పోలీసుల సహాయముతోనే పండ్రెండు దినములు శాసనసభా భవనమును కాపాడారు. చంపుదుమని బెదిరింపులు వచ్చాయి. ఒక దినమున గుంపు మీదికి రాగా, ఒంటరిగా వారి ఎదుట మెట్లపై నిలిచి, కోటు తెరచి, కాల్చదలచినవాడు కాల్చవచ్చునన్నట్లు రొమ్ము చూపారు. గుంపు చెదిరినది. ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఒక్క తూటా పేలలేదు, ఒక్క ప్రాణము పోలేదు.

ఆయన వ్యాపారములు చేసి నష్టపోయారు. 1900 నుండి పోర్ట్‌లాండ్ రేవులో చిన్న ప్రభుత్వోద్యోగము చేశారు. 1913లో గెట్టిస్‌బర్గ్ యుద్ధము జరిగి యాబది సంవత్సరములు నిండినప్పుడు, రెండు పక్షములకు చెందిన 50 వేలకు పైగా వృద్ధ సైనికులు అక్కడ కూడుకొని చేతులు కలుపుకొన్నారు. ఆ కూటమి ఏర్పాట్లలో పాల్గొన్న చాంబర్లేన్ జబ్బువలన దానికి పోలేకపోయారు. 1914 ఫిబ్రవరి 24న తన 85వ ఏట, ఆ పాత గాయపు విషమువలననే ప్రభువునందు నిద్రించారు. ఆయన దేహమును బ్రన్స్విక్‌లో సమాధిచేశారు.

మనకు పాఠము

ఇక్కడ ఒక కఠినమైన మాట చెప్పవలసియున్నది. ఉత్తరమువారును దక్షిణమువారును చేతులు కలిపిన ఆ సంవత్సరములలోనే, ఎవరి విడుదల కొరకు అంత రక్తము కారినదో ఆ నల్లజాతివారి ఓటు హక్కులను దక్షిణ రాష్ట్రములు ఊడబెరికినవి. వారికి ఓటు హక్కు నిలబెట్టు చట్టము 1965 వరకు రాలేదు. ఈ అన్యాయమునకు ఎదురు నిలిచి చాంబర్లేన్ పోరాడినట్లు ఆయన చరిత్రలో కనబడదు. బలవంతులైన ఇద్దరు సమాధానపడినప్పుడు, ప్రక్కన నిలిచిన మూడవవానిని మరచుట సులభము. మనలో అనేకుల తాతముత్తాతలు ఊరికి వెలుపల నివసించినవారే. కాబట్టి ఈ మాట మనకు వేరే ఎవరును వివరించి చెప్పనక్కరలేదు. సమాధానమునకును న్యాయమునకును కలిపియే ప్రార్థించుట మనకు తగినది.

మేము పరిచర్య ప్రారంభించిన తొలిరోజులలో ఒక పల్లె సంఘములో తగాదా వచ్చినది. కొన్ని కుటుంబములవారు ఆరాధనకు రావడము మానివేశారు. మేము క్రొత్తగా వేదాంత పట్టా పుచ్చుకొన్నవారము. నియమావళి పుస్తకమును పీఠము మీదనుండి చదివి వినిపించి, నోటీసులు పంపాము. నియమములు సరియైనవే. కాని వారిలో ఒక్క ఇంటికైనను పోయి, వారి చాపమీద కూర్చుండి, వారు పెట్టిన గంజి త్రాగి, వారి మాట వినలేదు. వారిలో కొందరు ఇప్పటికిని తిరిగి రాలేదు. చాంబర్లేన్ చరిత్ర చదివిననాడు ఆ ఇండ్లే మా కన్నుల యెదుట నిలిచినవి.

ప్రియమైన సంఘస్థులారా, శతవార్షికోత్సవమునకు పందిళ్లు వేయుచున్నాము, పాటలు నేర్చుకొనుచున్నాము, ప్రీతి విందుకు బియ్యము కొలుచుచున్నాము. నూరేండ్లలో మనతో ఓడిపోయి, అలిగి, తలవంచుకొని వెళ్లిపోయినవారు ప్రతి పాస్టరేటులోను ఉన్నారు. వారిని విందుకు పిలుచుట చాలదు. వారు గుమ్మములోనికి వచ్చినప్పుడు, ముందు వరుసలో కూర్చున్న మనమే మొదట లేచి వందనము చేయుదము. ఆ పల్లెకు మేము ఈ వారమే పోవుచున్నాము. మా కొరకు ప్రార్థించుడి.